నడుం మీది చెయ్యి

"తప్పుకో! నా పెళ్లాం లోపలుంది."

చేతితొడుగులు కుట్టే ఇగ్నాజ్ కేకకి డాన్సు హాలు గుమ్మంలో కాపలా ఉన్న వెన్‌జెల్ కదల్లేదు. పండగ బన్ను కొరికి, మీసాలకంటిన చక్కెర తుడుచుకున్నాడు.

"ముసుగు లేందే పంపను. ఇవాళ అందరి పెళ్లాలూ లోపలే ఉన్నారు గురువుగారూ. రేపట్నుంచి ఉపవాసాలాయె. ఈపూట వియన్నాలో ఇంటిపట్టున కూర్చునే ఆడది ఎవరు?"

"నిండు చూలాలయ్యా! పెళ్లయిన ఇన్నేళ్లకి నిలిచిన కడుపు. ఏమైనా అయితే నువ్వు తెచ్చిస్తావా బిడ్డని?"

"అందుకేగా పక్కన గది పెట్టింది! ఏటా ఎవరో ఒకరు అందులో కంటూనే ఉన్నారు. మంచం వేయించాం, మంత్రసానిని కుదిర్చాం."

"డాన్సు హాల్లో పురిటిగది! సిగ్గు లేకపోతే సరి!"

ఇగ్నాజ్ అతణ్ణి ఒక్క తోపు తోసి లోపలికి దూసుకుపోయాడు. పక్కగది తలుపు తన్నాడు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పొయ్యి దగ్గర పసిబిడ్డ గుడ్డలు ఎవరో వెచ్చబెట్టారు. మరెప్పుడైనా అయితే వాటిని చూసి అతని మనసు మెత్తబడేదే. కానీ మంత్రసాని కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది.

"గది ఉంది సరే, మనిషేదిరా?" అని అరిచాడు. వయొలిన్ల హోరులో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు.

హాల్లో భార్య థెక్లాని పోల్చుకోవడం కష్టం కాలేదు. మొహానికైతే ముసుగు వేసుకుంది గానీ, ఆ పొట్టని ఏ ముసుగు దాస్తుంది? నల్ల అంగీ, నల్ల ముసుగు తొడుక్కున్న పొడుగాటి ఆకారమొకటి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి గిరగిరా తిప్పుతోంది. గొప్పింటివాళ్ల నాట్యం మినియెట్‌లో వేళ్ల కొసలు తగిలితేనే ఎక్కువ. ఈ వాల్ట్జ్‌లో ఇద్దరి మధ్యా గాలి కూడా దూరదు. ఆదివారం పాదిరిగారు తిట్టిపోసింది దీన్నే!

"వదలరా నా భార్యని!"

"అరవకండి. అందరూ చూస్తున్నారు," అంది థెక్లా, తిరగడం ఆపకుండానే.

"చూడనీ! కడుపుతో ఉన్నదాన్ని పరాయివాడు వాటేసుకుని తిప్పుతుంటే ఊరంతా చూడనీ!"

"మిమ్మల్ని రమ్మంటే మొహం చిట్లించారుగా? వీరు అడగ్గానే ఒప్పుకున్నారు."

ఇగ్నాజ్‌కి ఒళ్లు మండిపోయింది. నల్ల అంగీని గుంజి పట్టుకున్నాడు. మనిషి ఆగింది గానీ, నడుం మీది చెయ్యి మాత్రం ఊడి రాలేదు.

"ఎంత పొగరురా నీకు! ఏదీ, ఆ మొహం చూడనీ!" అంటూ ముసుగు లాగేశాడు.

చెమటతో తడిసిన నెరసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ మంత్రసాని కసిరింది.

"అడ్డం లే నాయనా! నేను పట్టుకుని ఉండకపోతే, నొప్పులొచ్చాక ఇంత జనంలో ఈ పిల్లని ఎక్కడ వెతుక్కోను?"