ఇంటింటికీ ఒక గెలుపు

ఫుట్‌బాల్ ఫైనల్‌లో తమ జట్టు ఓడిపోయిన మర్నాడు ఓబులేసు బస్సు దిగేసరికి అనంతపురంలో టపాకాయలు పేలుతున్నాయి. రెఫరీలది పక్షపాతమని అభిమానులు గొడవ చేసినప్పటి నుంచి, లీగ్ వాళ్లు ఏ ఊరి టీవీల్లో ఆ ఊరి జట్టునే గెలిపించి చూపిస్తున్నారు. అసలు ఆట మైదానానికి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ఓబులేసు వీధి నుంచి ఫైనల్‌కు వెళ్లింది అతనొక్కడే.

టీకొట్టు మస్తాన్ ఆనందంగా గ్లాసు అందించాడు.

"అది ఆఫ్‌సైడ్ కాదు మస్తానన్నా. మన గోలు అన్యాయంగా తీసేసినారు," అన్నాడు ఓబులేసు.

"యాడ తీసేసినారబ్బా? కళ్లారా చూసినా, గోలిచ్చినారు. నువ్వు బస్సులో నిద్దరపోయి కలగంటివేమో!"

కొట్టు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. ఓబులేసుకు వాదించే ఓపిక లేదు. ఓడిపోయిన బాధకన్నా, దాన్ని చెప్పుకోవడానికి ఒక్కరూ లేకపోవడమే అతన్ని ఎక్కువ అలసిపోయేలా చేసింది.

ఇంట్లో భార్య సుంకులమ్మ ఉల్లిగడ్డలు తరుగుతూ తలెత్తింది.

"మనోళ్లు కప్పెత్తుకోని ఎగురుతాండారు గదా, నీ మొగమేంది ఇట్లుంది?"

"ఓడిపోయినాం సుంకులూ."

ఆమె టీవీలో ఊరేగుతున్న కప్పును చూసింది. మళ్లీ అతని మొహం చూసింది. టీవీ ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవడు వాడు, ఆ రెఫరీ నా కొడుకు?" అంది.