తొట్టికి తోడు

కాకినాడలో ఇప్పుడు ఏ ఇంట్లోనైనా కుళాయి తెరుచుకోవాలంటే, ముందు ఆ నీళ్లలో చేప బతకాలి. అందుకే ఇంటింటా కుళాయికి కలిపి ఒక గాజు తొట్టి, దానికో ఫిల్టరు. అందరూ వాటంతటవే శుభ్రపడే ఫిల్టరు యంత్రాలు కొన్నారు. నేను మాత్రం ఫిల్టరుగా అమ్మ వాడిన స్పాంజినే ఉంచుకున్నాను. దాన్ని తొట్టి నీళ్లలోనే పిండుతాను. నీటిని బాగుచేసే జీవులు ఆ మురికిలోనే ఉంటాయి.

"ఆ మసిగుడ్డ ఇంకా పారెయ్యలేదా బాబాయిగారూ?" అని పక్కింటి హైమవతి నవ్వేది. ఆ మాటను నేను మరిచిపోలేదు.

ఒక సాయంత్రం ఆమె గిన్నెతో గుమ్మంలో నిలబడింది. యంత్రం ఆ జీవుల్ని కూడా కడిగేసిందట. చేప తేలిపోతోంది, కుళాయి మూసుకుపోయింది.

"దీపాలవేళ తోడు అడక్కూడదంటారు గానీ..."

"అది పెరుగుకమ్మా. గిన్నె ఇలా పట్టు."

స్పాంజిని సగానికి కోసి ఇచ్చాను. "కడిగేవు సుమా."

"కడగనండీ. కావాలంటే దానికి బొట్టు పెడతాను."

మూడో రోజు చేప తేరుకుని అడుగుకు దిగింది. తెరుచుకున్న కుళాయిలో పట్టిన మొదటి గ్లాసు ఆమె నాకే తెచ్చింది. నాకప్పుడు దాహం లేదు. అయినా ఆమె చూస్తుండగా, నెమ్మదిగా, చివరి చుక్క దాకా తాగాను.