నునుపు

"పెట్టెలు ముట్టుకోకు బావా. గుడ్డ ఇప్పితే ధూళి పడతాది."

సన్యాసిరాజు నవ్వుతూనే అన్నాడు. అయినా త్రినాథరావుకు ఒళ్ళు మండింది.

"నా పెట్టె నాను ముట్టుకుంటే నీకేటి?"

"నీదైనా నాదైనా ఒకటే. రేపు నీలిమ మేడం వచ్చి తెరవాల. అంతవరకూ ఆగలేవేటి?"

"నీ అద్దం ఎవులైనా ఎత్తుకుపోతారని భయమా?"

"నాకెందుకు భయం," అంటూనే సన్యాసిరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇంతలో కింద కొట్టులోంచి బెల్లం బేరానికి ఎవరో కేకేశారు. ఒకసారి పెట్టెల వైపు, ఒకసారి త్రినాథరావు వైపు చూసి, ఇష్టం లేకుండానే మెట్లు దిగాడు.

వన్ టౌన్‌లో అతని బెల్లం కొట్టు మీది గదే ఆస్ట్రానమీ క్లబ్బు. క్లబ్బుకు సొంత టెలిస్కోపు కట్టుకుంటున్నారు. దాని అద్దం నూరడానికి పోటీపడి ముందుకొచ్చింది వీళ్ళిద్దరే. పళ్ళెమంత గాజుబిళ్ళలు, రెండూ ఒక్కచోట కొన్నవే. ఖాళీ పీపా మీద గాజు పెట్టి, దాని మీద గాజు పెట్టి, మధ్యలో పొడి చల్లి, పీపా చుట్టూ ప్రదక్షిణం చేస్తూ నెలల తరబడి నూరాలి. మొదట గరుకు పొడి, ఆఖరుకు మైదాలాంటి ఎర్రపొడి. రోజూ పూజకు చందనం తీసే చెయ్యి కనుక ఈ పని తనకే అబ్బుతుందని త్రినాథరావు ధీమా. నిన్న సాయంత్రం నూరడం ముగించి, అద్దం వెనకవైపు సింహాద్రి అప్పన్న చందనం బొట్టు పెట్టి, గుడ్డలో చుట్టి, తన పేరు రాసిన పెట్టెలో భద్రం చేశాడు.

రేపు నీలిమ రెండు అద్దాలూ పరీక్షిస్తుంది. నెగ్గిన అద్దం టెలిస్కోపులోకి ఎక్కుతుంది. నూరినవాడి పేరు గొట్టం మీద ఉంటుంది. శనిగ్రహం వలయాన్ని మొట్టమొదట చూసే కన్ను కూడా అతనిదే. ఆ పేరు సన్యాసిరాజుదయితే తను మళ్ళీ ఈ మెట్లెక్కగలడా?

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. త్రినాథరావు తన పెట్టె జోలికి పోలేదు. సన్యాసిరాజు పెట్టె తెరిచి గుడ్డ విప్పాడు.

కిటికీ చువ్వలు ఆ గాజులో గీసినట్టు కనపడుతున్నాయి. వేలు ఆనిస్తే నిలవకుండా జారిపోయింది. ఎంత నునుపు! తన అద్దానికి ఈ నునుపు ఎప్పుడొచ్చింది? ఈ బెల్లం వ్యాపారికి ఇంత పనితనం ఎవరిచ్చారు? అడిగినవాళ్ళకి కాకుండా అడగనివాళ్ళకి ఇవ్వడమేమిటి స్వామీ?

"సుక్కలు ఎవరి అద్దంలోంచి సూసినా సుక్కలే కదండీ," అని పొద్దున్న కామేశ్వరి అంది. భార్య మాట గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆవిడకేం తెలుసు, ఆవిడ పేరు దేనిమీదా రాయడం లేదు కదా.

"తండ్రీ, క్షమించు," అనుకున్నాడు. తప్పు చెయ్యకముందే క్షమించమనడం ఏం భక్తో అతనికే తెలియలేదు. డబ్బాలోంచి గరుకు పొడి చిటికెడు తీసి అద్దం మీద చల్లి, బొటనవేలు గట్టిగా నొక్కి, చందనం తీసినట్టే గుండ్రంగా తిప్పాడు. గర్రుమంది. పొడి దులిపి, గుడ్డ చుట్టి, పెట్టె మూసి, కిటికీ రెక్క ఒకటి తెరిచి పెట్టాడు. ఈ పేటలో ఏది పాడైనా నేరం ధూళిదే.

మర్నాడు సాయంత్రం క్లబ్బు వాళ్ళంతా పైగదిలో చేరారు. నీలిమ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది. తలుపులు వేయించి, చిన్న బల్బు వెలిగించి, అద్దం మీంచి తిరిగొచ్చే వెలుగుకు బ్లేడు అంచు అడ్డం పెట్టి వంపు సరిచూస్తూ, ముందు త్రినాథరావు పెట్టెలోని అద్దం చూసింది. చాలాసేపు చూసింది.

"చేత్తో నూరింది ఇంత బాగా వస్తుందనుకోలేదు త్రినాథరావు గారూ. అంచు దాకా వంక పెట్టడానికి లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. త్రినాథరావుకు గర్వంతో పాటు దిగులూ కలిగింది. తనది ఇంత బాగా కుదిరిందని తెలిస్తే నిన్న ఆ పాపం చేసేవాడే కాదు. ఓరకంట సన్యాసిరాజును చూశాడు. గదిలో చప్పట్లు కొట్టనిది అతనొక్కడే. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూసేసరికి దిగులు కాస్తా ఎగిరిపోయి, కడుపు నిండినట్టయింది.

నీలిమ రెండో పెట్టె తెరిచింది. గుడ్డ విప్పి, "అయ్యో," అంది. గాజు నడిమధ్య పిల్లి గోళ్ళతో రక్కినట్టు గీతలు.

"కిటికీ తెరిచుండిపోయిందేమో. ధూళి పడుంటాది," అన్నాడు త్రినాథరావు, ఎవరూ అడగకముందే.

సన్యాసిరాజు కోప్పడలేదు, ఎవరు చేశారని అడగలేదు. తల పట్టుకుని పీపా మీద కూలబడ్డాడు.

"మళ్ళీ మొదటినుంచీ నూరాల్సిందే," అంటూ నీలిమ అద్దాన్ని వెనక్కి తిప్పింది. మధ్యలో ఎండిపోయిన చందనం బొట్టు.

"ఇది మీరు పెట్టే బొట్టు కదా సార్?" అన్నాడు పక్కనున్న క్లబ్బు కుర్రాడు జయంత్, త్రినాథరావుతో.

సన్యాసిరాజు తల ఎత్తకుండానే అన్నాడు:

"సందనం తీసిన సెయ్యి, నీదే నెగ్గుతాదని కుళ్ళుకుని, నిన్న పొద్దున్నే నాది నీ పెట్టెలో ఎట్టీసి, నీది నా పెట్టెలో దాసుకున్నాను బావా."