నాలుగో మొక్క

మూడో మొక్క కూడా తల వాల్చేసింది.

ఉదయ్ చేతిలోని బకెట్ పక్కన పెట్టి అక్కడే కూలబడ్డాడు. నిన్న సాయంత్రం నడుమెత్తున పచ్చగా నిలబడి ఉంది. తెల్లారేసరికి ఆకులన్నీ అంచుల నుంచి కాలినట్టు ముడుచుకుపోయాయి. మట్టి మీద తెల్లటి పొర. నీళ్ళు ఆవిరైన మరక కాబోలు.

కాండానికి కట్టిన ట్యాగ్ మాత్రం లేదు. మొదటి రెండూ చచ్చినప్పుడూ అంతే. ట్యాగ్‌లు మాయం.

వర్జీనియాలోని షాంటిలీ ఊళ్ళో వాన చుక్క పడి నలభై రోజులైంది. పైపుతో తడిపితే ఫైన్ వేస్తామని కాలనీ అసోసియేషన్ రెండు ఉత్తరాలు పంపింది. స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి, ఉదయ్ బకెట్లతో మోశాడు. నాలుగే నాలుగు గంజాయి మొక్కల కోసం.

ఇంటికి నాలుగు పెంచుకోమంటుంది వర్జీనియా చట్టం. ప్రతి మొక్కకీ పేరు, డ్రైవింగ్ లైసెన్స్ నంబరు రాసిన ట్యాగ్ కట్టమంటుంది. ఇమిగ్రేషన్ వాళ్ళ లెక్క వేరు. పదమూడేళ్ళు ఎదురుచూసిన గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ అక్టోబర్‌లో ఉంది. "గంజాయి అన్న మాట నీ ఫైల్లో కనిపించిందా, పెట్టె సర్దుకోవడమే" అని లాయరు ముందే హెచ్చరించాడు.

అయినా వేశాడు. భార్య సుధ కోసం.

క్యాన్సర్ ఆమె ఎముకల్లోకి పాకింది. హాస్పిటల్ బిళ్ళలు వేసుకుంటే వాంతులు. చలికాలంలో ఒక ఫ్రెండ్ ఇండియా వెళ్ళిపోతూ, గంజాయి వేసి కాచిన నెయ్యి సీసా ఒకటి ఇచ్చి వెళ్ళాడు. అరచెంచా అన్నంలో కలిపి పెడితే, సుధ ఆరు గంటలు కదలకుండా నిద్రపోయింది. ఆ సీసా ఇప్పుడు అడుగంటింది. గంజాయి అమ్మే మెడికల్ షాపులో కొందామంటే కార్డు తీసుకోవాలి, పేరు రికార్డుకెక్కుతుంది. పెరట్లో అయితే కంచె దాటి ఎవరికీ తెలియదనుకున్నాడు. పూత వచ్చేదాకా ఒక్క మొక్కయినా బతకాలి.

ట్యాగ్‌లు రాసిన రోజు సుధ గొడవపెట్టుకుంది.

"నా పేరు రాయి. పోయేదాన్ని, నన్నెవరేం చేస్తారు?"

"ఇంకోసారి ఆ మాట అన్నావంటే ఊరుకోను."

"నేను పోయాక దియకి నువ్వొక్కడివేగా, ఉదయ్. ఇక్కడ పుట్టిన పిల్ల. నిన్ను పంపించేస్తే దాని గతేంటి?"

అతను వినలేదు. నాలుగింటి మీదా తన పేరే రాశాడు.

ఇప్పుడు వాటిలో మూడు ఎవరి చేతిలోనో ఉన్నాయి. ఇమిగ్రేషన్ ఆఫీస్‌కి ఒక్క కవరు వెళ్తే చాలు.

ఎవరి చేతిలోనో ఏమిటి? పక్కింటి ధర్మారావు. అసోసియేషన్ ప్రెసిడెంటు. మొన్న ఆదివారం కంచె మీద నుంచి తొంగిచూసి, "ఊరంతా మాడిపోతుంటే నీ పెరడు కళకళ్లాడుతోందేమయ్యా? గోంగూరా?" అని కన్నుకొట్టాడు.

ఉదయ్ తిన్నగా ఆయన గుమ్మం ఎక్కాడు.

"ట్యాగ్‌లు ఇచ్చేయండి అంకుల్. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"ఏం ట్యాగ్‌లయ్యా?"

"నా మొక్కల్ని చంపి తీసుకెళ్ళారుగా, అవి."

"బాగుంది వరస! నా టమాటాలకే నీళ్ళు లేక ఏడుస్తున్నా. నీ గోంగూర జోలి నాకెందుకు?" ధర్మారావు గొంతు తగ్గించాడు. "అయినా ఇంటర్వ్యూ దగ్గర పెట్టుకుని ఇవేం పనులయ్యా?"

"ఇంటర్వ్యూ సంగతి మీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడే. మా ఆవిడ చూడ్డానికొస్తే, 'మా ఆయన్నీ పిల్లనీ కాస్త కనిపెట్టి ఉండండి' అందిట."

ఉదయ్ నమ్మలేదు. దొంగకి ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి సుధ సోఫాలో ఒదిగి కూర్చుని ఉంది.

"నొప్పెలా ఉంది?"

"ఈమధ్య బాగా తగ్గింది. ఆ నెయ్యి కూడా అక్కర్లేదు. నీళ్ళు మోసి నడుం విరగ్గొట్టుకోకు."

నవ్వింది. ఆమె దిండు గలీబు మీద పళ్ళ గాట్లు ఉదయ్ పొద్దున్నే చూశాడు.

"సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో రెండు ప్యాకెట్లు కల్లుప్పు తేవా? దియకి ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టాలి."

నెల రోజులుగా ఇదే పాట. అన్నం సయించని మనిషికి ఆవకాయ మీద మనసు పుట్టింది. అదే పదివేలు.

"తెస్తాలే. జాడీ మాత్రం నువ్వెత్తకు."

సాయంత్రం కల్లుప్పుతో పాటు చిన్న కెమెరా కూడా కొన్నాడు. చూరు కింద, నాలుగో మొక్క కనిపించేలా బిగించాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దొంగ దొరికేదాకా సుధని కంగారు పెట్టడమెందుకు?

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నర. మీటింగ్ మధ్యలో ఫోన్ వణికింది. పెరట్లో కదలిక.

ఉదయ్ కుర్చీ వెనక్కి తోసి కారిడార్‌లోకి పరుగెత్తాడు. దొరికాడు ముసలాడు! వీడియో తెరిచాడు.

కంచె దగ్గర ఎవరూ లేరు.

గోడ పట్టుకోకుండా రెండడుగులు వేయలేని సుధ, ఒళ్ళో ఆవకాయ జాడీతో ఎండిన గడ్డి మీద కూర్చునే జరుగుతూ వచ్చి, అతని పేరున్న ఆఖరి ట్యాగ్‌ని తెంపి నైటీ జేబులో దాచుకుని, నాలుగో మొక్క మొదలు చుట్టూ గుప్పెళ్ళతో కల్లుప్పు పోస్తోంది.