గీత బయటి మనిషి

బంతి గీత దాటి బయటికి దొర్లింది.

అక్కడ ఒంటరిగా నిలబడ్డ ఓ పెద్దాయన దాన్ని చేత్తో తీసి, పరుగెత్తుకొచ్చిన తౌసిఫ్‌కి అందించాడు.

"మోచేతులు ఒంటికి అతికించుకుని ఆడుతున్నావు బాబూ. విడిగా వదిలెయ్. ఆ రోజు నువ్వు కొట్టలేదు."

తౌసిఫ్ ఉలిక్కిపడ్డాడు. అడిగేలోపు రిఫరీ ఈల వేశాడు.

ఆ రోజంటే కిందటేడు ఫైనల్. హార్బరు ఫుట్‌బాల్ క్లబ్బుకి మిడ్‌ఫీల్డులో తౌసిఫే ఆధారం. బంతి కోసం అతనూ, అవతలి జట్టువాడూ ఎగిరారు. అవతలివాడు మొహం పట్టుకుని కూలబడ్డాడు. మోచేత్తో కొట్టాడని తౌసిఫ్‌కి రెడ్ కార్డు చూపించారు. ఆ కార్డు తప్ప అక్కడున్న ఏ మొహమూ అతనికి గుర్తు లేదు.

క్లబ్బు ఓడిపోయింది. ఏడాది ఆడకూడదన్నారు. కావాలనే బయటికెళ్లాడని, మ్యాచి అమ్మేశాడని ఓల్డ్ టౌన్ టీ కొట్ల దగ్గర చెప్పుకున్నారు.

తీరా కొత్త సీజను మొదలయ్యే ముందు లీగు కమిటీ సస్పెన్షన్ ఎత్తేసింది. కెప్టెన్ అర్జునరావు తిరిగి తిరిగి తీయించాడని అందరూ అనుకున్నారు. అతను అవుననలేదు, కాదనలేదు.

తౌసిఫ్ మళ్లీ ఆడుతున్నాడు. కానీ ఎవరైనా దగ్గరికొస్తే చాలు, చేతులు ముడుచుకుపోతున్నాయి. బంతి వదిలేస్తున్నాడు.

మ్యాచి అయ్యాక అర్జునరావు పక్కకి లాగాడు.

"ఆడెవడ్రా? పెతి మ్యాచికీ వత్తన్నాడు. నిన్ను తప్ప ఎవుర్నీ సూడడు."

"నాకేటి తెలుసన్నా. ఆ రోజు నువ్వు కొట్టలేదన్నాడు."

అర్జునరావు మొహం మారింది.

"అదెలా తెలుసు ఆడికి? పడిపోయినోడు నాటకం ఆడేడని, ఆ నాటకం ఆడించినోళ్లకే తెలుత్తాది. బెట్టింగోడు. జాగర్త."

ఆ మాట తౌసిఫ్ మనసులో నాటుకుపోయింది.

తర్వాతి వారం ఇంటికెళ్తే, వాకిట్లోని తాళాల దుకాణంలో కూర్చున్న తండ్రి ఖయ్యూం చెప్పాడు.

"ఎవరో పెద్దాయన వచ్చాడ్రా. తాళం కొన్నాడు. నీ గురించి అడిగాడు."

"ఏటని?"

"మీ వాడు రాత్రిళ్లు నిద్రపోతన్నాడా అని."

"నువ్వేం చెప్పావ్?"

"లేదని చెప్పాను. నిజమే కదా. ఆ మాట విని చాలాసేపు ఇక్కడే కూర్చుండిపోయాడు."

ఆ రాత్రీ తౌసిఫ్‌కి నిద్ర పట్టలేదు. ఇంటి దాకా వచ్చాడంటే ఏదో పథకం ఉన్నట్టే.

అయినా మర్నాడు ప్రాక్టీసులో, ఎవరూ చూడనప్పుడు, చేతులు విడిగా వదిలి పరుగెత్తి చూశాడు.

ఒళ్లు తేలికపడింది.

ఆ తర్వాతి మ్యాచిలో గాజువాక జట్టు నుంచి బంతి లాక్కుని సగం మైదానం దాటి గోలు కొట్టాడు. ఆ పై మ్యాచిలో రెండు గోల్స్‌కి బంతి అందించాడు. అమ్ముడుపోయాడన్నవాళ్లే ఇప్పుడు మైదానం గోడెక్కి అతని పేరు అరుస్తున్నారు. పోర్టు వైపు నుంచి బొగ్గు దుమ్ము కొడుతున్నా జనం కదలడం లేదు.

పెద్దాయన మాత్రం అరవడు. తౌసిఫ్ తప్పు లేకుండా బంతి గుంజుకున్నప్పుడు తలాడిస్తాడు. అంతే.

ఆ తల ఊపు చూస్తే తౌసిఫ్‌కి భయం వేసేది. ఇప్పుడు మెచ్చుకుని, ఫైనల్లో ఓడిపొమ్మంటాడేమో?

ఫైనల్ వచ్చింది.

సగం ఆట అయ్యేసరికి రెండు జట్లూ సమానం. నీళ్లు తాగుతుంటే పెద్దాయన గీత దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఒక్క మాట. ఈ రోజు చెప్పకపోతే మళ్లీ కుదరదు."

జనం చూస్తున్నారు. అర్జునరావు చూస్తున్నాడు. కిందటేడు మాటలన్నీ తౌసిఫ్ చెవుల్లో గింగురుమన్నాయి.

అతను గేటు దగ్గరి వాలంటీర్లని పిలిచాడు.

"ఈయన్ని బయటికి పంపండి. బెట్టింగు మనిషి."

"నీకు తెలుసా ఈయన?" అని వాలంటీరు అడిగాడు.

"నాకేం తెలుసు. ఎప్పుడూ నా ఎనకాలే తిరుగుతన్నాడు."

పెద్దాయన వాదించలేదు. వాళ్లు రెక్క పట్టుకోబోతే, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"బాగా ఆడు బాబూ," అని గేటు వైపు నడిచాడు.

ఆఖరి నిమిషాల్లో తౌసిఫ్ ఇద్దర్ని తప్పించి బంతిని గోలు ముందుకి కొట్టాడు. అర్జునరావు తలతో లోపలికి పంపాడు.

క్లబ్బు గెలిచింది.

బహుమతులివ్వడానికి లీగు కార్యదర్శి ఈశ్వరి వచ్చింది. తౌసిఫ్ మెడలో పతకం వేస్తూ జనంలోకి చూసింది.

"గవర్రాజు గారు కనబడరేం? స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు, ఈ సాయంత్రం రైలుకి సొంతూరు వెళ్లిపోతున్నారు. నీ ఫైనల్ చూడకుండా కదలనన్నారే."

"గవర్రాజు గారెవరు మేడమ్?"

"ప్రతి మ్యాచికీ వచ్చి గీత పక్కనే నిలబడేవారు, పెద్దాయన. మీరెవరూ గుర్తుపట్టలేదా?"

ఆ రోజు నువ్వు కొట్టలేదని పెద్దాయన అన్న మాట తౌసిఫ్‌కి గుర్తొచ్చింది.

"నా సస్పెన్షన్... తీయించింది నువ్వు కాదా అన్నా?" అంటూ అర్జునరావు వైపు తిరిగాడు. అర్జునరావు తల దించుకున్నాడు.

"చెప్పొద్దన్నారు గానీ, ఇక దాచడమెందుకు," అంది ఈశ్వరి. "కిందటేడు ఫైనల్లో లైన్స్‌మన్‌గా జెండా పట్టుకుని, నువ్వు మోచేత్తో కొట్టావని రిఫరీకి చెప్పిందీ ఆయనే, తర్వాత వీడియో చూసుకుని, తప్పు నా కంటిదని కమిటీ ముందు నిలబడి నిన్ను ఆటలోకి తెప్పించి, ఇక పట్టనని తన జెండా మా బల్ల మీద పెట్టేసి వెళ్లిందీ ఆయనే."