పదకొండు వేల అడుగులు

"ఈ వాచీ అబద్ధాలు చెబుతోందమ్మా. ఇది తీసుకుని కొత్తది ఇవ్వు," అంటూ హెడ్ క్లర్కు తన స్మార్ట్‌వాచీని కౌంటరు అద్దం మీద ఠపీమని పెట్టాడు.

కౌంటరు దగ్గరున్న అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుంది. కొని ఏడాది కూడా అయినట్టు లేదు. బెల్టు సందుల్లో మాత్రం సబ్బు ఎండిపోయి తెల్లగా పేరుకుంది.

"దీంతోనే స్నానం చేస్తారా సర్?"

"ఆఁ... చేస్తే ఏం?"

"ఏం లేదు సర్, నీళ్ళకి తట్టుకునే రకమే. ఇంతకీ ఏం అబద్ధం చెప్పింది?"

"నా గుండె లయ తప్పుతోందట. రోజూ పొద్దున ఫోను తెరిస్తే చాలు, ఎర్రక్షరాలు. పోయిన వారమంతా ముద్ద దిగలేదనుకో. హడలిపోయి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఒంటినిండా వైర్లు తగిలించాడు, మిషన్ మీద నడిపించాడు, ఒక రోజంతా అక్కడే పడుకోబెట్టాడు. చివరికి ఏమన్నాడో తెలుసా? గుండ్రాయిలా ఉన్నారు, వెళ్ళి హాయిగా పని చేసుకోండి అన్నాడు."

అతను నిజంగానే భయపడ్డాడు. చావు భయం తీరాక మనిషికి మిగిలేది కోపమే. ఆ కోపమంతా ఇప్పుడు అరచేతిలో పట్టేంత వాచీ మీద ఉంది.

అప్పుడు వచ్చింది అతని భార్య, తలుపు పట్టుకుని. లిఫ్టు పనిచేయడం లేదు.

"రెండంతస్తులు ఎక్కడానికి ఇంతసేపా?" అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

ఆమె గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూర్చుని పైటకొంగుతో మొహం తుడుచుకుంది.

కౌంటరు అమ్మాయి అతని ఫోనులో పాత లెక్కలు తెరిచింది. "హెచ్చరికలన్నీ ఐదుకీ ఎనిమిదికీ మధ్యే వచ్చాయి సర్. మీ నడక కూడా అప్పుడే. పదకొండు వేలు... పదకొండు వేల రెండొందలు... ఆదివారాలైతే పదమూడు వేలు దాటాయి. ఒక్క రోజు కూడా నాగా లేదే!" అంటూ తలెత్తి చూసింది. ఎదురుగా కౌంటరుకి ఆనుకుని అతని బొజ్జ కనిపించింది. మర్యాద కాదని చూపు తిప్పుకుంది.

"ఆఫీసులో నడక పోటీ," అన్నాడు అతను గర్వంగా. "మూడు నెలలుగా మొదటి స్థానం నాదే. కుర్రాళ్ళు కూడా నా దరిదాపుల్లోకి రాలేకపోతున్నారు. శనివారంతో ఆఖరు. క్యాంటీన్ గోడకి నా ఫొటో పెడతారు."

ఆ అమ్మాయి పాత వాచీని తన చేతికి పెట్టుకుంది. నాడి డెబ్భై ఎనిమిది చూపించింది. వేలికి తగిలించే పరికరం పెట్టుకుని చూసింది. అదీ డెబ్భై ఎనిమిదే.

"వాచీ సరిగ్గానే ఉంది సర్. డాక్టరు మిమ్మల్ని ఆసుపత్రిలో ఉంచి చూసి ఏం లాభం? పొద్దున ఆ నడక నడిచేటప్పుడు చూడాలి. ఇంకోసారి చూపించుకోండి."

గుమ్మం దగ్గర్నుంచి చిన్న గొంతు వినిపించింది. "ఏవండీ, అది మోగినప్పుడల్లా నాకు కూడా..."

"నీకు తెలీదు, నువ్వు ఊరుకో. నాలుగు మెట్లెక్కితే నీరసం, నాలుగు గిన్నెలు తోమితే నీరసం. నీ గోల ఎప్పుడూ ఉండేదే."

ఆమె ఊరుకుంది. ఆ ఇంట్లో ఆ పని ఆమెకి బాగా అలవాటు.

కౌంటరు అమ్మాయి గొంతు తగ్గించింది. "అమ్ముకునేదాన్ని నేను చెప్పకూడదు గానీ సర్, కొత్తదాంట్లో కూడా గుండెని చూసేది ఇదే సెన్సర్. పెద్ద తేడా బ్యాటరీలోనే. ఆరోగ్యం కోసమైతే మార్చడం దండగ."

లోపలి గదిలోంచి యజమాని దగ్గాడు.

"నాకు కావాల్సింది బ్యాటరీయే," అన్నాడు హెడ్ క్లర్కు. "ఇది మధ్యాహ్నానికే చస్తోంది."

"అస్తమానం గుండెని చూస్తుంటే బ్యాటరీ తింటుంది కదా సర్. అది ఆపేస్తే కొత్తది పది రోజులు వస్తుంది."

"ఆపేస్తే అడుగులు లెక్కపెడుతుందా?"

"పెడుతుంది."

"ఇక మోగదుగా?"

"మోగదు. కానీ సర్..."

"అయితే ఆపేసి ఇవ్వు. డాక్టరుకి లేని అనుమానం నీకెందుకమ్మా?"

మొహం బాగాలేదని అద్దం మార్చేవాళ్ళని ఆ అమ్మాయి రోజుకి పదిమందిని చూస్తుంది. ఇంక వాదించలేదు. కొత్త వాచీ తీసి, గుండెని చూసే మీట ఆపేసింది. అది ఆపేటప్పుడు 'నిజంగానే ఆపాలా?' అని వాచీ ఒకసారి అడిగింది. అవునని నొక్కింది.

"బెల్టు పెద్ద సైజే కదా సర్?"

"చిన్నది."

ఆ అమ్మాయి అతని లావుపాటి మణికట్టు వైపు ఒకసారి చూసింది. కొన్నవాళ్ళ ఇష్టం అనుకుని, చిన్న బెల్టు తగిలించి ఇచ్చింది.

అతను హుషారుగా గుమ్మం దాకా నడిచాడు. స్టూలు అంచుని గట్టిగా పట్టుకుని కూర్చున్న భార్య చేతిని లాక్కుని, కొత్త వాచీ కట్టి, బెల్టు బిగించాడు.

"రేపట్నుంచి పాతదానిలాగే లేవగానే ఇది కట్టుకుని పనిలోకి దిగు. శనివారం దాకా పదకొండు వేలకి ఒక్క అడుగు కూడా తగ్గకూడదు."