డొంకతిరుగుడు

"ఇప్పుడు మన నాచారంల నల్లా నీళ్లు మంచిగ వస్తున్నయ్," అన్నాను.

నలుగురిలో కసిరానని అలిగి, చిల్కానగర్‌లో కూతురింటికి వచ్చేసిన నా భార్య లక్ష్మీనర్సమ్మ తలెత్తలేదు. పిలుచుకుపోదామని వచ్చి, గంట నుంచి నేను చెబుతున్నవి ఇలాంటి కబుర్లే.

మనవరాలు మానస పుస్తకం పట్టుకొచ్చింది. "తాతా, డొంకతిరుగుడు మాటలంటే ఏంది?"

మూడో తరగతి దాటని నన్ను అర్థం అడిగేవారు కూడా ఉన్నారు! గొంతు సవరించుకున్నాను.

"డొంకంటే ముండ్లపొదల నడుమ బండ్లబాట, బిడ్డా. పక్క చేనుకు పోవాలన్నా ఊరంత తిప్పుతది. అసలు మాట చెప్పక గట్లనే తిరిగెటోడు..."

"మస్తు చెప్పినవ్," అంది లక్ష్మీనర్సమ్మ. "ఇగ నువ్వొచ్చిన పని గూడ చెప్పు."

మానస పెన్సిల్ పట్టుకుని నా నోటివంకే చూస్తోంది.

"తప్పు నాదే. ఇంటికి రా."

"గీ రెండు ముక్కల కోసమే ఎనిమిది దినాల సంది కూసున్న," అంటూ ఆమె చెప్పులు తొడుక్కుంది.